పైడి బుగ్గలో చింతపండు

ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఎన్నో బరువులు ఎత్తాను, దించాను, ఇదొక్కటే దించడం చేతకాలేదు. మీరెవరో నాకు తెలీదు. తెలీదు గనకే మీకు చెప్పగలుగుతున్నాను.

విజయనగరం పక్కన మా ఊళ్ళో, రేకుల షెడ్డు కింద ఆడపిల్లలం వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకునేవాళ్ళం. అందరిలోకీ నేనే పెద్దదాన్ని. పైడి నాకంటే చిన్నది, అక్కా అక్కా అంటూ నా వెనకే తిరిగేది. ఈ ఆటలో ఒంటి బరువును బట్టి పోటీ. ముందు మనల్ని తూకం వేస్తారు. కాస్త ఎక్కువున్నవాళ్ళు నీళ్ళు మానేసి, చింతపండు చప్పరిస్తూ డబ్బాలోకి ఉమ్ముతూ కూర్చుంటారు. ఉమ్మి పోయినంత బరువు పోతుంది. అసహ్యంగా ఉందా? మాకది మామూలే. పైడికి అది నేర్పింది నేనే.

ఎదిగే పిల్ల. కడుపునిండా తింటే ఏడాది తిరక్కుండా నా కేటగిరీలోకి వచ్చేసేది. వస్తే నన్ను ఓడించేది. ఆ సంగతి నాకు తెలుసు, దానికి తెలీదు. అందుకే, పైకి వస్తే నువ్వు నిలవలేవు, కిందే ఉండు, ఒళ్ళు పెరగనీయకు అని చెప్పాను. పిచ్చిది, నమ్మింది. పోటీ ఉన్నా లేకపోయినా దాని బుగ్గలో చింతపండే.

ఆ రోజుల్లోనే నా పళ్ళు పులుపుకి అరిగిపోతున్నాయని విజయనగరంలో పళ్ళ డాక్టరు చెప్పాడు. మానకపోతే పీకించుకోవాల్సి వస్తుందన్నాడు. నేను వెంటనే మానేశాను. పైడికి చెప్పలేదు. చెబితే అదీ మానేస్తుంది, నా పక్కనే వచ్చి నిలబడుతుంది.

ఒకరోజు ప్రాక్టీసయ్యాక నీళ్ళ సీసా పట్టుకుని నా దగ్గర కూర్చుంది.

"అక్కా, సన్నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటన్నాయి. నీకూ ఇలాగే ఉంటాదేటి?"

"అందరికీ ఉంటాదే. ఓర్సుకో. పళ్ళు సూసి మెడల్ ఇస్తారేటి?"

నవ్వింది. అప్పట్లో నోరంతా తెరిచి నవ్వేది.

తర్వాత రాష్ట్ర జట్టుకి ఎంపిక జరిగింది. బరువు నెత్తిమీదికి లేపేటప్పుడు పళ్ళు బిగపట్టాలి. పుచ్చిపోయిన దవడపన్నుతో ఎలా బిగపడుతుంది? గుండెల దాకా తెచ్చి కింద పడేసింది. చెయ్యి జారిందనుకున్నారంతా. ఆ చెయ్యి బుగ్గ మీదికి వెళ్ళడం నేను చూశాను. నేను ఎంపికయ్యాను. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, కొత్తవలసలో ఇల్లు. పైడి ఆట మానేసింది. పెళ్ళయి పలాస వెళ్ళింది, జీడిపిక్కల పనికి పోతోంది.

దాని పళ్ళు పోవాలని నేను కోరుకోలేదు. నా దారికి అడ్డు రాకపోతే చాలనుకున్నాను, అంతే. అంతేనా? ఆ రెంటికీ తేడా ఉందని ఎన్నిసార్లు నన్ను నేను నమ్మించుకోబోయానో, ఒక్కసారీ నమ్మలేకపోయాను.

మొన్న కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ముందు పళ్ళు లేవు. నవ్వితే కొంగు అడ్డం పెట్టుకుంటోంది. పిల్ల కూడా బరువులెత్తుతోందట, నేనే దారి చూపించాలట. అక్క మాట విన్నాను గనకే అంతవరకైనా రాగలిగానని నా ఎదుటే పిల్లకు చెప్పింది. చెంప పగలగొట్టినా బాగుండేది. పిల్ల బుగ్గ ఒకపక్క ఉబ్బి ఉంది. ఏమిటని అడిగాను.

"నువ్వు నేర్పినదే అక్కా," అంది పైడి, గర్వంగా.

అప్పటికప్పుడు ఉమ్మించేశాను. పిల్లను పళ్ళ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. దాన్ని కడుపునిండా తిననీ, పై కేటగిరీలోనే ఆడనీ అని పైడికి గట్టిగా చెప్పాను. పైడి కాసేపు నా మొహంలోకి చూసింది. మరి నాకెందుకలా చెప్పలేదని అడుగుతుందనుకున్నాను. అడిగితే బాగుండుననుకున్నాను.

"మన రోజుల్లో ఇయన్నీ ఎవులికి తెల్సక్కా," అంది.

నాకు తెలుసు. ఆ ఒక్క మాట దాని ముందు నోరు దాటలేదు. ఇవాళ మీ ముందు దాటింది. కాస్త ఊపిరాడుతోంది. ఆ ఊపిరాడటం కూడా నాకు దక్కాల్సింది కాదు.