తేడా లేదు

మా బాబాయి ముప్పై ఏళ్లుగా బిస్కెట్ల ఫ్యాక్టరీలో వాసన చూసి జీతం తీసుకుంటున్నాడు. రంగు తేడా కనబడకుండా ఎర్ర బల్బు వెలిగే చిన్న గదిలో ఆయన ముందు మూడు కప్పులు పెడతారు. రెండింట్లో ఒకే ఎసెన్సు, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో పట్టుకోవాలి. వెనిలా కాయల నుంచి తీసిందేదో, ల్యాబులో తయారైందేదో మూత తీయగానే చెప్పేసేవాడు. చవకది వాడదామని మేనేజరు అనుకున్నప్పుడల్లా "తేడా ఉంది" అని రాసేది ఈయనే. అందుకే ఈయన కనబడితే మేనేజరు మొహం మాడ్చుకునేవాడు.

ఇంట్లోనూ అదే ముక్కు. కూర అడుగంటిందనీ నూనె పాతదనీ రోజూ వంకలే. పిన్ని గరిటె విసిరేసిన రోజులున్నాయి.

కిందటేడు ఓ జ్వరం వచ్చింది. పోతూ పోతూ వాసనలన్నీ మూటగట్టుకుపోయింది. నాలుక మీద ఉప్పూ తీపీ మాత్రం మిగిలాయి. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది, సంగతి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. బాబాయి పిన్నికి కూడా చెప్పలేదు. మూడు కప్పులూ ఎప్పటిలాగే శ్రద్ధగా వాసన చూసి, "తేడా లేదు" అని రాయడం మొదలుపెట్టాడు.

"ఇన్నాళ్లకు మీ ముక్కు పదునెక్కిందండీ," అంటూ మేనేజరు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాడు. అసలు వెనిలా కొనడం మానేసి, బాబాయి పేరు చెక్కిన గోడ గడియారం బహూకరించారు. ఇంట్లో ఏం వండినా బాబాయి "బ్రహ్మాండం" అనేవాడు. పిన్ని పొంగిపోయి, కొత్త వంటలు నేర్చుకోసాగింది.

కొత్త బిస్కెట్ల డబ్బా ఇంటికి తెచ్చిన సాయంత్రం నేనక్కడే ఉన్నాను. పిన్ని ఒకటి కొరికి ఉమ్మేసింది.

"ఇదేంటండీ, మందుల కొట్టు వాసన వస్తోంది?"

"తేడా ఏం లేదే," అన్నాడు బాబాయి అలవాటుగా.

పిన్ని ఆయన్నే కాసేపు చూసి, లోపలికెళ్లి మూడు గ్లాసులు తెచ్చింది. "కళ్లు మూసుకుని వాసన చూడండి. తాగకండి."

ఒకదాంట్లో ఫినాయిలుంది. దూరంగా కూర్చున్న నాకే తెలిసింది. బాబాయి మూడూ వాసన చూసి తల దించుకున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"జ్వరం వచ్చినప్పట్నుంచి."

"ఫ్యాక్టరీ వాళ్లకి చెప్పలేదు, సరే. మరి ఏడాదిగా నా వంట బాగుందన్నది?"

"నువ్వు సంతోషంగా ఉన్నావు కదాని."

పిన్ని కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు ఇద్దరి మీదా జాలేసింది.

రాత్రి భోజనాలకు కూర్చున్నాం. బాబాయి నాలుగు ముద్దలు తిని, మెల్లగా అన్నాడు. "కూర అడుగంటినట్టుంది."

అడుగంటలేదు, నేనూ తిన్నాను.

"మీకన్నీ వంకలే," అని కసురుతూ పిన్ని ఇంకో గరిటె వడ్డించింది.