మహిపాల్ నింపిన గళ్ళు

మహిపాల్‌కు వచ్చిన ఇంగ్లీషు పట్టుమని పది మాటలు. అందులో ఎక్కువ చాకిరీ చేసింది ‘నార్మల్’. ఏసీ లేని బస్సు నార్మల్, ఉప్పు సరిపోయిన కూర నార్మల్, కోపం దిగిన పెళ్ళాం నార్మల్. నాచారం ఫ్యాక్టరీలో బాయిలర్ మీటరు గంటగంటకూ చూసి పందొమ్మిదేళ్ళు అతను కాగితం మీద రాసిందీ అదే మాట.

‘చూసి’ అన్నానుగానీ, అది ఉత్తి మాట. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కగానే మధ్యాహ్నం దాకా ఉన్న గళ్ళన్నీ ఒక్క ఊపులో నింపేసి చాయ్‌కి పోవడం అక్కడి ఆనవాయితీ. అందరూ చేసేదే, ఇతనూ చేశాడు.

రెండేళ్ళ కింద ఒకరోజు పదిన్నరకు ఆవిరి గొట్టం పగిలి, పక్కనే పనిచేస్తున్న త్రిమూర్తులు పోయాడు. మీటరు ముల్లు ఎర్రగీత దాటిందేమో చూసిన నాథుడు లేడు. కాగితంలో మాత్రం పదకొండు, పన్నెండు, ఒంటిగంట గళ్ళలో కూడా నార్మలే. సూపర్‌వైజర్ దాన్ని చింపెయ్యమని, మహిపాల్ చేతే పదింటి దాకానే ఉన్న కొత్త కాగితం రాయించాడు. త్రిమూర్తులే వాల్వు తప్పుగా తిప్పాడని తేల్చారు. మహిపాల్ నోరు మెదపలేదు. పాత కాగితం చింపడానికి చేతులు రాక, ఉప్పల్‌లో ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున దాచాడు. అప్పట్నుంచి ఎవరు ‘నార్మల్’ అన్నా అతనికి ఆవిరి బుస్సుమన్న చప్పుడు వినపడేది. మనిషి పోయాక వచ్చిన గంటలకు తన చెయ్యి ముందే రాసిపెట్టిన ఆ మూడు గళ్ళు కళ్ళు మూస్తే కనపడేవి.

మొన్న కూతురు కావ్యను కాన్పుకి దవాఖానాలో చేర్చారు. నర్సు పొద్దున్నే బీపీ కాగితంలో సాయంత్రం దాకా నార్మలని రాసుకుంటూ పోతోంది. మహిపాల్ కాగితానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“పట్టీ కట్టి సూసి రాయమ్మా. సూడకుంట రాయకు, నీకు దండం బెడత.”

ఆమె విసుక్కుంటూనే చూసింది. బీపీ విపరీతంగా ఉంది. డాక్టరు పరుగున వచ్చింది. సాయంత్రానికి తల్లీబిడ్డా గండం గట్టెక్కారు. కాన్పు నార్మలేనని అందరూ సంబరపడుతుంటే మహిపాల్ ఇంటికి పోయి, ట్రంకుపెట్టె తెరిచి, కాగితం జేబులో పెట్టుకుని లాలాపేట్ వెళ్ళాడు.

త్రిమూర్తులు భార్య కమలకుమారి తలుపు తీసింది. కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

“ఆయన తప్పేం లేదు చెల్లె. మీటరు సూడాల్సింది నేను. సూడకుంటనే రాసిన.”

ఆమె గళ్ళ వెంట వేలు పెట్టి ఒంటిగంట దాకా చదివింది. తర్వాత గోడ మీది భర్త ఫోటో వైపు తిరిగింది.

“రోజూ దీపం పెడుతూ ఈయన్ని తిడుతున్నాను అన్నయ్యగారూ,” అంది. “అజాగ్రత్త మనిషివి, చేజేతులా ప్రాణం పోగొట్టుకున్నావని.”