దిగువొస్తే పట్టుకునే బ్రేకు

బ్రేకుల గురించి ఏదైనా అనుమానం వస్తే మా వీధిలో ఇప్పుడెవరూ నా దగ్గరికి రారు. తిన్నగా మా మామ్మ దగ్గరికి వెళ్తారు. ఎందుకలా అయిందో ఇన్నాళ్లూ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. అడిగితే "ఏదో చిన్న సౌండ్ వచ్చిందిలే" అని మాట మార్చేశాను. ఇవాళ చెప్పేస్తున్నాను. టీ తాగుతూ వినండి. మధ్యలో నవ్వితే మాత్రం ఆపేస్తాను.

ఫోన్లో నెట్ చవగ్గా దొరకడం అప్పుడప్పుడే మొదలైంది. నేను డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. ఖాళీగా ఉండటం నాకు చేతకాదు. వీడియోలు చూసి మిక్సీ విప్పాను, బిగించాను, రెండు స్క్రూలు మిగిలాయి, అయినా తిరిగింది. ఆ ధైర్యంతో మా నాన్న పాత కారు మీద పడ్డాను. కారుకి పద్దెనిమిదేళ్లు. ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే చీర మార్చుకుని, బ్రేకు ఆయిల్ మార్చి, పైపుల్లో గాలి తీశాను. మెత్తగా ఉన్న పెడల్ గట్టిపడింది. డ్యాష్‌బోర్డు మీద బ్రేకు ఎర్రలైటు మాత్రం ఆరలేదు. "స్విచ్ పాడైంది" అని తేల్చేసి దాని వైరు పీకేశాను. లైటు ఆరిపోయింది. నా లెక్కలో రిపేరు అయిపోయినట్టే.

ఆ లైటు రెండిటికి వెలుగుతుంది. ఆయిల్ తగ్గినా, హ్యాండ్ బ్రేకు లాగి ఉన్నా. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ వారమే మామ్మ కంటి ఆపరేషన్. మామ్మంటే మా నాన్న తల్లి. రెండు కళ్లకీ పొర. బైబిలు నాచేత చదివించుకునేది, తొందరలో నేను రెండు వచనాలు దాటేస్తే పట్టుకునేది. ఆపరేషన్‌కి అప్పటికే రెండుసార్లు వెనక్కి పంపేశారు, ఒకసారి షుగర్ ఎక్కువుందని, ఒకసారి దగ్గుందని. శ్రీకాకుళంలో ఆ డాక్టరు గురువారమే వస్తారు. తొమ్మిదిన్నరకల్లా మామ్మ బల్ల మీద లేకపోతే మళ్లీ ఎప్పటికో. "ఇంకోపాలి రమ్మంటే నాను రాను. గుడ్డిదాన్నే ఉండిపోతాను" అని మామ్మ ముందే చెప్పేసింది. అన్నదంటే అన్నదే.

నాన్న పొద్దున్నే బైకు మీద వెళ్లి ఆసుపత్రిలో పేరు రాయించాలి. మామ్మ బైకు ఎక్కలేదు, బస్సులో నిలబడలేదు. ఇక మిగిలింది కారు, నేను.

"బ్రేకులు మెకానిక్కి చూపించావా?" అన్నారు నాన్న, హెల్మెట్ పెట్టుకుంటూ.

"నేనే చూశాను కదా నాన్నా."

"అదే నా భయం. దారిలో ఆగిందంటే ఈ కారుని సోమవారం రాజాం తోలేస్తాను. ఎవడో ఒకడు ఇనప సామానుకి కొంటాడు."

అరుగు మీద కూర్చున్న మామ్మ ఇదంతా వింది. కళ్లు పోయాక చెవులు రెండింతలయ్యాయి ఆవిడకి. నాన్న వెళ్లాక నన్ను పిలిచింది.

"ఒలే, మీ నాన్న ఏటంటన్నాడు? బ్రేకు పడదేటి?"

"పడతాది మామ్మా. కొంచెం కొత్తగా ఉంటాది, అంతే."

"కొత్తంటే?"

"నేనే బిగించాను కదా."

మామ్మ అరుగు మీంచి లేచింది. ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. ఆసుపత్రి సంచి రెండు సీట్ల మధ్య పెట్టుకుంది, దాని మీద తువ్వాలు కప్పుకుంది. ఏడింటికి బయల్దేరాం.

ఊరు దాటగానే కాలవ గట్టు దిగాలి. దిగుతుంటే కారు ఒక్కసారి బరువెక్కింది, వెనక ఎవరో తాడు కట్టి లాగినట్టు. దాంతోపాటు టిక్, టిక్, టిక్ అని ఒక సౌండ్. నా కాలు బ్రేకు మీద లేదు. గట్టు దిగి చదును నేల మీదికి వచ్చేసరికి కారు మళ్లీ మామూలుగా నడిచింది.

"మామ్మా, నీకేదైనా సౌండ్ వినిపించిందా? వెనక నుంచి?"

"ఎనక నుంచా? ఎనక నుంచి నాకేటీ ఇనబళ్లేదు."

మైలు దూరం పోయాక మళ్లీ అదే. ఈసారి ఎదురుగా గడ్డి లారీ వస్తోంది. లారీ దగ్గరికి వచ్చేకొద్దీ కారు బిగుసుకుపోయింది, దాటగానే వదిలేసింది. ఆ తర్వాత ఒక కల్వర్టు దిగువు. అక్కడా పట్టుకుంది.

నా బుర్రలో వీడియోలన్నీ తిరగడం మొదలెట్టాయి. గాలి తీసేటప్పుడు నేనేదో తప్పు చేశాను. ఆయిల్ వెనక్కి తిరిగి రావడం లేదు. లేదంటే వెనక డ్రమ్ముల్లో స్ప్రింగు తెగింది, టిక్ టిక్ అదే. దిగువులో బండి బరువు ముందుకి పడుతుంది కాబట్టి వెనక బ్రేకు షూలు... ఇక్కడిదాకా బాగానే కుదిరింది. లారీ ఎదురొస్తే ఎందుకు పట్టుకుంటుందో మాత్రం ఏ వీడియోలోనూ లేదు. లారీ గాలికేమో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. భయంలో ఉన్న మనిషికి ఏదైనా సైన్సులాగే కనిపిస్తుంది.

"మామ్మా, ప్రార్థన చేసుకో. బ్రేకులు తేడా చేస్తున్నాయి" అన్నాను.

"సేసుకుంటన్నానే. నోటితోనూ సేస్తన్నాను, సేతితోనూ సేస్తన్నాను. నువ్వు రోడ్డు సూడు."

చేతులు జోడించుకుందేమో అనుకున్నాను.

పొందూరు దగ్గరికి వచ్చేసరికి కాలిన వాసన. ఎనిమిదైంది. నాన్న ఫోన్. "ఎక్కడున్నారు? పేరు రాయించాను. బేగి రండి." వచ్చేస్తున్నాం అన్నాను. అదే నిమిషంలో కారుని ఒక పంక్చర్ షాపు ముందు ఆపాను.

దిగి చక్రాలు ముట్టుకున్నాను. ముందువి చల్లగా ఉన్నాయి. వెనకవి రెండూ పెనంలా కాలుతున్నాయి. రెండూ కలిసి కాలుతున్నాయంటే హ్యాండ్ బ్రేకే. నాకు తెలుసు. పరుగున వచ్చి సంచి పైకెత్తి చూశాను. హ్యాండ్ బ్రేకు బుద్ధిగా కిందికే ఉంది. మామ్మ కూడా బుద్ధిగా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

షాపాయన వచ్చి జాకీ వేసి వెనక చక్రం తిప్పాడు. గిర్రున తిరిగింది.

"ఏటమ్మా, సక్రం పంకాలాగ తిరుగుతాది. ఏటి బాగుసెయ్యమంటావు?"

"నడుస్తున్నప్పుడు పట్టుకుంటోందండి. ఆపితే వదిలేస్తోంది."

"నడుస్తన్నప్పుడు వచ్చిన రోగాన్ని నడుస్తన్నప్పుడే సూడాల." లోపలికి తొంగి చూశాడు. "లోపలేటైనా బరువేసావా?"

"లేదండి. మా మామ్మే."

"ఆ ముసిలామె ఏటి సేస్తాది పాపం" అన్నాడు.

టైము ఎనిమిదింపావు. మామ్మ కిటికీలోంచి "ఇంకోపాలి రమ్మంటే రాను" అని గాలికి చెప్తోంది. నాకు ఏడుపొచ్చేలా ఉంది. నేను అతి తెలివికి పోయి గాలి తీయకపోతే ఈపాటికి హైవే ఎక్కేసేవాళ్లం. ఆలోచించాను. లీవరు కిందికే ఉన్నా కేబుల్ లోపల తుప్పుపట్టి ఎక్కడో పట్టేస్తోంది. గతుకులకి బిగుస్తోంది, ఆగితే వదులవుతోంది. వైద్యం ఒక్కటే, కేబుల్‌ని పూర్తిగా వదిలేయడం. షాపాయన దగ్గర పానా అడిగి తీసుకుని, ఉన్న ఒక్క మంచి చుడీదారుతో కారు కిందికి దూరి, కేబుల్ బిగించే నట్టు మొత్తం ఊడదీసేశాను. కాలి బ్రేకుకి దానితో సంబంధం లేదు కాబట్టి భయం లేదు.

"ఒలే గుంటా, ఏటి సేసావు?" అంది మామ్మ నేను ఎక్కగానే.

"రోగం దొరికింది మామ్మా. తీసేశాను."

నేను అన్నట్టే అయింది. అక్కడి నుంచి కారు నీళ్ల మీద పడవలా సాగింది. చదును రోడ్డు, లారీలు లేవు, వాసన లేదు. చిలకపాలెం దగ్గర హైవే ఎక్కేటప్పటికి నేను మనసులో ఒక వీడియో నేనే తీసి పెట్టేసుకున్నాను. ముఖానికి గ్రీజు ఎక్కడ అంటుకుంటే బాగుంటుందో కూడా అనుకున్నాను.

హైవే మీద ఒక ఎత్తు ఎక్కి దిగుతున్నాం. కింద ట్రాఫిక్ నెమ్మదిగా కదులుతోంది, ముందు సిమెంటు లారీ, వెనక ఆర్టీసీ బస్సు.

అప్పుడు మామ్మ అరిచింది.

"ఒలే, ఒలే, బ్రేకు తెగిపోనాదే! ఆపే, ఆపీయే!"

బ్రేకు తెగితే నాకంటే ముందు ఆవిడకెలా తెలిసిందన్న ఆలోచనే రాలేదు. ఉన్న బలమంతా పెట్టి పెడల్ తొక్కాను. నాలుగు చక్రాలూ రోడ్డుని కరుచుకున్నాయి. కారు సిమెంటు లారీకి మూరెడు దూరంలో ఆగింది. బస్సు హారన్ మా నడినెత్తిన మోగింది, డ్రైవరు తల బయటపెట్టి మా వంశం మొత్తాన్నీ పలకరించాడు.

సంచి కింద పడింది. తువ్వాలు జారింది. హ్యాండ్ బ్రేకు లీవరు జెండా కర్రలా నిటారుగా నిలబడి ఉంది. దాన్ని మామ్మ రెండు చేతులతో పట్టుకుని ఉంది.

కారుని రోడ్డు పక్కకి తీశాను.

"మామ్మా. అదెందుకు పట్టుకున్నావు?"

"నాను పట్టుకోపోతే ఎవులు పట్టుకుంటారే? బ్రేకు పడదని మీ నాన్న, కొత్తగా ఉంటాదని నువ్వు. ఇద్దర్నీ నమ్మీసి కూకోమంటావేటి?"

"ఇంటి దగ్గర నుంచీ లాగుతున్నావా?"

"లాగనా మరి? సిన్నప్పుడు మా నాయన ఎడ్లబండి మీద రాజాం దాన్యం తోలితే ఎనకాల సక్రాల తాడు లాగీదాన్ని నానే. దిగువొస్తే లాగాల, సదునొస్తే వదలాల. మీ నాన్న బండి ఆపీసి ఇదే కదా లాగుతాడు, గుండీ నొక్కి ఇదే కదా దించుతాడు. అరుగు మీద కూకుని రోజూ ఇంటన్నాను."

"మరి లారీ వచ్చినప్పుడు?"

"లారీ నా మీదికొస్తంటే సూస్తా కూకోమంటావా?"

"నీకు కళ్లు కనబడవు కదా మామ్మా."

"లారీ కనబడకపోడానికి అదేటి సూదేటే?"

పొద్దుట్నుంచి నేను వెతుకుతున్న రోగం నా మోచేతి పక్కనే, తువ్వాలు కప్పుకుని కూర్చుంది. ఆ ఎర్రలైటు వైరు నేను పీకకుండా ఉంటే కాలవ గట్టు దగ్గరే దొరికిపోయేది. పైగా ఉన్న ఒక్క బాగున్న కేబుల్‌ని నా చేతులతో నేనే ఊడదీశాను.

మామ్మ చేతులు వణుకుతున్నాయి. ఈ వణుకుతో వెళ్తే బీపీ ఉందని మూడోసారి వెనక్కి పంపేస్తారు. అందుకని ఒక అబద్ధం ఆడాను. లీవరు దించి, దాని కింద ఏదో తిప్పినట్టు నటించి, "ఇదిగో, బిగించేశాను. ఇప్పుడు పడతాది, నువ్వు పట్టుకో" అన్నాను. పట్టుకుంది. కుదుటపడింది. అక్కడి నుంచి ఆవిడ లాగినప్పుడల్లా నేను కాలితో కాస్త పెడల్ నొక్కుతూ వచ్చాను, నమ్మకం కుదరాలని.

తొమ్మిదీ ఇరవైకి ఆసుపత్రి. నాన్న నా చుడీదారు వైపు చూశారు, నా ముఖం వైపు చూశారు. నర్సమ్మ బీపీ మిషను పట్టుకుని మా ఇద్దర్నీ చూసి, పట్టీ నా చేతికి చుట్టబోయింది.

"ఆపరేషన్ నాకు కాదండి."

"అయ్యో, వణుకుతుంటే నువ్వే అనుకున్నానమ్మా."

మామ్మ బీపీ బాగుంది. ఆపరేషనూ బాగా అయింది. సాయంత్రం కంటికి కట్టుతో మళ్లీ నా పక్కన కూర్చుంది. నాన్న బైకు మీద వెనక వస్తున్నారు. దారంతా దిగువొస్తే ఆవిడ లాగింది, నేను నొక్కాను. ఆవిడ గుండీ నొక్కి దించింది, నేను కాలు తీశాను. ఏ కొంచెం తేడా లేకుండా ఇల్లు చేరాం. మనిషిని ఎంత తెలివిగా మోసం చేశానో అని లోపల్లోపల గర్వంగా కూడా ఉంది.

మా ఇంటి ముందు వీధి కాస్త వాలు. కారు ఆపి, గేరులో వేసి దిగాను. మామ్మ కూడా దిగింది. కారుని చేత్తో తడుముకుంటూ వెనక్కి వెళ్లి, గోడ పక్కనున్న ఇటుకని కాలితో వెతికి, వెనక చక్రం కింద దోపింది.

"అదెందుకు మామ్మా? హ్యాండ్ బ్రేకు వేశాను కదా."

"ఏటి ఏసావు? తాడు ఊడిపోతే సేతికి తెల్దేటే? నాను లాగినప్పుడల్లా నువ్వు కాలితో నొక్కుతన్నావు. సిమెంటు లారీ కాడ నుంచీ సూస్తన్నాను."

నాన్న అప్పుడే బైకు దిగుతున్నారు. నేను గొంతు తగ్గించాను.

"తెలిసి మరెందుకు లాగావు, దారంతా?"

"నాను లాగితే నువ్వు నొక్కుతన్నావు కదే. మరి బ్రేకు పనిసేసినట్టే కదా."

నాన్న వచ్చి "బండేమైనా ఇబ్బంది పెట్టిందా?" అని అడిగారు. "బండికేటీ నేదురా, బంగారం" అని చెప్పేసి మామ్మ లోపలికి వెళ్లిపోయింది. కారు అమ్మకం అలా ఆగింది.

వీడియోలన్నీ చూసి, కారు కిందికి దూరి, ఆ రోజు నేను తేల్చుకున్నది ఒక్కటే. ఒక కంటికి కట్టు, రెండో కంటికి పొర ఉన్న మా మామ్మ ఆ కారుని ఆసుపత్రి నుంచి ఇంటిదాకా ఆపుకుంటూ తెచ్చింది. ఊడిపోయిన కేబుల్ బదులు నన్ను బిగించుకుంది.