వెనక్కి వెళ్ళని డిస్కు

ఇనప కడ్డీల మిల్లులో ఆమెను అందరూ సర్వరమ్మ అనేవారు. వెక్కిరింపుగా పుట్టిన పేరే అది. ఎక్కడ కంప్యూటరు మొరాయించినా "సర్వరమ్మ అలిగిందిరా" అని నవ్వుకునేవారు. ఆమెకూ నోరు తక్కువేం కాదు. "నేను నిజంగా అలిగితే మీ జీతాలు ఆగుతాయి, అప్పుడు నవ్వండి" అనేది.

ఆ మాటలో అబద్ధం లేదు. ఒకప్పుడు హాజరుకో పెట్టె, జీతాలకో పెట్టె, కెమెరాలకో పెట్టె అని గదినిండా పెట్టెలు హోరెత్తుతూ ఉండేవి. వాటిని పీకించి, రెండే రెండు పెద్ద సర్వర్లు బిగించి, వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఆ పాత పెట్టెలన్నీ వాటి లోపలే వేరువేరు మెషీన్లుగా బతికేటట్టు చేసింది ఆమే. ఒకే ఇంట్లో ఎవరి పొయ్యి వాళ్ళు పెట్టుకున్న కాపురాలన్నమాట. ఒకరి పొయ్యి ఆరినా పక్కవాళ్ళ అన్నం ఉడుకుతూనే ఉంటుంది. ఆ కాపురాలన్నిటికీ పెద్దదిక్కు ఆమె.

ఇంట్లోనూ అంతే. తండ్రి పోయాక తల్లినీ తమ్ముణ్ణీ ఆమే నెట్టుకొచ్చింది. ఆ తమ్ముడు మొండిఘటం. వాడికి ముందు చెయ్యి లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. చిన్నప్పుడు వీధిలో ఎవడి తలో పగలగొట్టి వస్తే వీపు చిట్లగొట్టేది కానీ, అవతలివాళ్ళు గుమ్మంలోకి వస్తే వాళ్ళ మీదికే లేచేది. వాడంటే అంత పిచ్చి. మిల్లులో కొలిమి దగ్గర వాడికి పని ఇప్పించింది కూడా ఆమే.

ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ గేటు దగ్గర కొట్లాట జరిగింది. ఫ్యాన్ల హోరులో ఆమెకు ఏమీ వినపడలేదు. క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడ రొప్పుతూ వచ్చి తలుపు బాదింది.

"నీ తమ్ముణ్ణి సెక్యూరిటీవాళ్ళు చావగొట్టారే! లే, పరిగెత్తు!"

ఆమె వెళ్ళేసరికి వాణ్ణి అంబులెన్సులోకి ఎక్కిస్తున్నారు. మూతి ముద్దయిపోయింది. కుడిచెయ్యి మోచేతి దగ్గర అడ్డదిడ్డంగా వేలాడుతోంది. నేల మీద నెత్తుటి మడుగు, అందులో వాడి పళ్ళు. గేటు కాపలా కాసే ముసలాయన, అందరూ గేటు తాత అనే మనిషి, తల పగిలి అప్పటికే ముందు బండిలో వెళ్ళిపోయాడు. కొట్టింది తమ్ముడేనని కంపెనీవాళ్ళు అంటున్నారు. కాదు, తొక్కిసలాటలో పడ్డాడని పనివాళ్ళు అరుస్తున్నారు.

"నేను ముట్టుకోలేదక్కా, ఒట్టు," అన్నాడు తమ్ముడు నెత్తురు మింగుతూ.

తాత ప్రాణం పోతే తమ్ముడి మెడకు ఖూనీ కేసు చుట్టుకుంటుంది. గేటు మీద కెమెరా ఉంది. జరిగిందంతా అది చూసే ఉంటుంది. ఆమె పడుతూ లేస్తూ సర్వరు గదికి పరిగెత్తింది.

సెక్యూరిటీ మేనేజరు అప్పటికే ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వెనకాల ఇద్దరు మనుషులు. మేనేజరు బూటు అంచున నెత్తురు ఇంకా ఆరలేదు.

"ఏమ్మా, పొద్దున కెమెరాల మెషీనుకి ఏదో అప్‌డేట్ వేశావంట. దానికి ముందు స్నాప్‌షాట్ తీసుంటావుగా? దానికి వెనక్కి పెట్టెయ్."

ఎవడో బాగా నూరిపోసి పంపాడు. ఏ మార్పు చేసినా ముందు స్నాప్‌షాట్ తీయడం ఆమె అలవాటు. ఆ క్షణానికి మెషీన్ ఎలా ఉందో అలా పట్టి ఉంచుతుంది అది. మార్పు వికటిస్తే అక్కడికి వెనక్కి పోవచ్చు. అలా పోతే తర్వాత జరిగిందేదీ మిగలదు.

"చస్తే పెట్టను," అందామె. "నా తమ్ముడి పళ్ళు గేటు దగ్గర పడున్నాయి. ముందు అవి ఏరించు."

చెంప మీద పడిన దెబ్బకు ఆమె కళ్ళు బైర్లు కమ్మాయి. ఒకడు జుట్టు పట్టి వంచాడు. ఇంకొకడు ఎడమచేతిని సర్వర్ల బీరువా చట్రానికి ఆనించి పట్టుకున్నాడు. మేనేజరు లేచి బీరువా ఇనప తలుపును ఈడ్చి కొట్టాడు. వేళ్ళు పటపటమన్నాయి. ఆమె కేక ఫ్యాన్ల హోరు దాటి పోలేదు. వాడు తలుపు తెరిచి, నలిగిన వేళ్ళను ఒకసారి చూసి, మళ్ళీ కొట్టాడు.

"కుడిచెయ్యి ఉందిగా ఇంకా," అన్నాడు తాపీగా. "నొక్కు."

ఆ నొప్పిలో ఆమెకు ఆ డిస్కు గుర్తొచ్చింది. లోగడ ఒకసారి కెమెరాల స్నాప్‌షాట్ ఉబ్బి ఉబ్బి స్టోరేజీ అంతా మింగేసి, అన్ని మెషీన్లనూ బిగదీసి, మిల్లునే ఆపేసింది. ఆ దెబ్బతో వీడియోలు రాసే డిస్కును స్నాప్‌షాట్‌ల లెక్కలోంచి తప్పించేసింది. మెషీన్ వెనక్కి పోయినా ఆ డిస్కు పోదు. ఈ సంగతి ఆమెకు తప్ప మిల్లులో ఇంకెవరికీ తెలియదు.

"పెడతాను, వదలండి," అంది ఏడుస్తూ. ఆ ఏడుపు నిజమైనదే.

కుడిచేత్తో నొక్కింది. మెషీన్ పొద్దుటికి వెళ్ళిపోయింది. వీడియోల జాబితా కూడా దానితోపాటే వెనక్కి పోయింది కాబట్టి అందులో మధ్యాహ్నం అన్నదే లేదు. మేనేజరు తెరను కిందికీ మీదికీ జరిపి చూసి తృప్తిపడ్డాడు. పోతూ పోతూ ఆమె డొక్కలో ఒక తన్ను తన్నాడు.

"మెట్ల మీద పడ్డానని చెప్పు. తెలిసిందా?"

వాళ్ళు పోయాక తలుపు గడియ పెట్టింది. చేతికి చున్నీ చుట్టుకుని, ఆ డిస్కును ఇంకో మెషీనుకు తగిలించి తెరిచింది. మధ్యాహ్నం అక్కడే ఉంది. ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని చూడసాగింది.

తమ్ముడు సంచితో గేటు దాటబోతున్నాడు. తాత ఆపి సంచి చూపించమన్నాడు. తమ్ముడు తోసేశాడు. తాత లేచి, దుమ్ము కూడా దులుపుకోకుండా, మళ్ళీ సంచి పట్టుకున్నాడు. తమ్ముడు సంచిలోంచి కడ్డీ ముక్క తీశాడు. మొదటి దెబ్బకే తాత కూలిపోయాడు. పడ్డవాడి తల మీద వాడు ఇంకోటి వేశాడు. ఆ తర్వాతే కాపలావాళ్ళు వచ్చారు. తమ్ముడు చలనం లేకుండా పడిపోయాక కూడా మేనేజరు బూటుకాలితో మూతి మీద తొక్కుతూనే ఉన్నాడు.

ఆమె వీడియోను అక్కడే ఆపేసింది.

అంతలో తల్లి ఫోన్ చేసింది. "గేటు తాత పోయాడటే! వీడే చంపాడంటున్నారు. కెమెరాలో ఏముందే? మనవాడి తప్పు లేదని ఉందా?"

"వస్తున్నానమ్మా," అని పెట్టేసింది.

మొదటి ముక్క కోసెయ్యడం ఎంతసేపు? తమ్ముడు దెబ్బలు తినేదే మిగులుతుంది, మేనేజరు జైలుకు పోతాడు, వీడు ఇంటికొస్తాడు. కోయాల్సిన చోట గుర్తు కూడా పెట్టింది, నొక్కడమే తరువాయి. కానీ తాత లేచి మళ్ళీ సంచి పట్టుకున్న ఆ చెయ్యి కళ్ళ ముందు నుంచి కదలలేదు. గేటు దగ్గర తనకు వెయ్యిసార్లు సలాం కొట్టిన చెయ్యి అది. నొక్కలేకపోయింది. తమ్ముణ్ణి నోటికొచ్చిన తిట్టల్లా తిట్టి, బావురుమంది.

ఆసుపత్రిలో వాడి గది బయట పోలీసు కాపలా ఉంది. తల్లి మంచం కాళ్ళ దగ్గర చతికిలబడి ఉంది. తమ్ముడు కుట్లు పడిన పెదాలతో గొణిగాడు.

"దొరికిందా?"

"దొరికింది."

"నన్ను కొట్టిందొక్కటే ఉంచావు కదా?"

"లేదురా. మొత్తం ఉంది. తాతని ఎందుకు చంపావురా?"

వాడు కట్టు లేని ఎడమచెయ్యి చాచి, చున్నీ చుట్టిన ఆమె వేళ్ళను పట్టుకున్నాడు. ఓదార్పేమో అనుకుంది. వాడు పిండాడు. విరిగిన ఎముకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి.

"కోసెయ్. కోస్తావా లేదా?"

తెరలో చూసిన మొహమే అది. తల్లి లేచి, "వాడు చెప్పింది చెయ్యవే, నీ తోడబుట్టినవాడే!" అంది. నలుగుతున్న కూతురి చేతినే చూస్తూ అంది.

చెయ్యి లాక్కునే ఓపిక ఆమెలో లేదు. తలుపు వైపు తిరిగి పోలీసును కేకేసింది. అతను లోపలికి వచ్చేదాకా వాడు పిండుతూనే ఉన్నాడు. ఆమె కుడిచేత్తో పెన్‌డ్రైవ్ తీసి అతని చేతిలో పెట్టింది.