సత్తిబాబు పెరట్లోకి సముద్రాన్ని తెచ్చిన

మొన్న నేనొక్కణ్ణే కుర్చీల కూసొని ఒక ఊరి ఒడ్డును సముద్రంలో కలిపేసిన. నవ్వకండి, కిరాయి ఇల్లు చూసేదాకా పోయింది యవ్వారం!

బడికి ఎండాకాలం సెలవులిస్తే నల్లగొండ నుంచి ఎల్బీనగర్‌ల కొడుకు ఇంటికి వచ్చిన. కోడలు రత్నది గోదావరి సముద్రంలో కలిసే చోట, మడ అడవుల పక్కన పల్లె. పీహెచ్‌డీ కూడా ఆ ఒడ్డు మీదే. పాత శాటిలైట్ ఫొటో మీద ఒడ్డు వెంబడి ఒక గీత, కొత్తదాంట్ల ఒక గీత గియ్యాలె. రెండిటి నడుమ ఎంత జాగ ఉంటే సముద్రం అంత నేల కోసుకపోయినట్టు.

"ఈ పని నాకియ్యమ్మా, బోర్డు మీద మ్యాపులు గీసిన చెయ్యి ఇది" అన్న.

"సరే మావయ్యగారూ. కంప్యూటర్లో నేను పెట్టిన ఫొటోలే వాడండేం" అని కాలేజీకి పోయింది.

ఆమె పెట్టిన కొత్త ఫొటో నిండ మబ్బులే. పక్కనే ఇంకోటి అద్దం లెక్క తేటగా ఉంది. నీట్‌గా ఉన్నదాన్నే చూసి దిద్దాలని పిల్లలకు నేను రోజూ చెప్పేదే కదా! దాని మీదనే గీసిన. గీత వంకలు తిరుక్కుంట పోయి ఎక్కడ ఆగింది? రత్న వాళ్ళన్న సత్తిబాబు పెరటి గోడ కాడ!

పెండ్లికి పోయినప్పుడు ఆ పెరట్లనే బంతిల కూసొని చేపల పులుసు తిన్న. గోడకవతల ఎంత దూరం బురదనేల ఉండె!

రత్నకు ఎట్ల చెప్పాలె? సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ పోయి మిర్చి బజ్జీలు తెచ్చి, ముందు పెట్టి, పుట్ట కూలితే ఇంకో తావుకు పోయిన చీమల కథ మొదలుపెట్టిన. సగంలనే ఆమె కండ్లల్ల నీళ్ళు.

"మావయ్యగారూ, మీకు ఒంట్లో బాలేదా? నిజం చెప్పండి!"

ఇగ లాభం లేదని తెల్లారి తుర్కయంజాల్ పోయి, రెండు రూముల ఇల్లు చూసి, ఆడికెల్లే సత్తిబాబుకు ఫోన్ కొట్టిన.

"పరేషాన్ కాకు నాయినా. ఇల్లు చూసిన. పిల్లల్ని తీసుకొని వచ్చెయ్."

"ఎందుకండీ బాబూ?"

"సముద్రం నీ గోడ దాకా వచ్చె కదా!"

"అది పోటండీ! పొద్దున్నొచ్చి మజ్జానానికెళ్ళిపోద్ది. రోజూ వత్తాది, మా సుట్టమే!" అని పగలబడి నవ్విండు. నవ్వు ఆపి, మెల్లగ అడిగిండు: "మా కోసం ఇల్లు చూశారాండీ?"

మా నల్లగొండ చెరువుల నీళ్ళు వానకాలం వస్తయ్, ఎండాకాలం పోతయ్. రోజుకు రెండుమార్లు ఎక్కి దిగే నీళ్ళు నేనేడ చూసిన? ఆటుపోట్ల పాఠం మాత్రం ముప్పై ఏండ్లు చెప్పిన!

ఇంటికొచ్చి ఒప్పుకున్న. రత్న నవ్వలేక నేల మీద కూలబడ్డది. రెండు ఫొటోలూ నీళ్ళు ఒకే మట్టంల ఉన్నప్పుడు తీసినవే కావాలట. అందుకే మబ్బులున్నా అది పెట్టిందట; నేను గీసిన తేట ఫొటో పోటప్పటిదట. ఒడ్డు కొంత కోసుకపోయిన మాట నిజమే గానీ, మడచెట్లు ఒత్తుగా ఉన్న దగ్గర తక్కువట. సత్తిబాబు గోడకు ఇంకా శానా దూరమట.

"నేను గీసింది తీసెయ్యమ్మా" అన్న.

"తియ్యను మావయ్యగారూ" అని, దాన్ని వేరే ఫైల్ చేసి పేరు కొట్టింది.

కండ్లద్దాలు పెట్టుకొని చదివిన: "మావయ్యగారి ప్రేమ. కొలతకు పనికిరాదు."