పదిహేడు ఒకట్లు

పదిహేడు ఒకట్లు పక్కపక్కన రాస్తే వచ్చే సంఖ్యను ఒకటీ, ఆ సంఖ్యా తప్ప మరేదీ శేషం లేకుండా భాగించలేదని మావారి నమ్మకం. నర్సీపట్నంలో లెక్కల మాస్టారాయన. తొంభైల్లో ఏ సాయంత్రం చూసినా పలక ముందేసుకుని భాగహారాలే. మూడుతో పోదు, ఏడుతో పోదు, పదమూడుతో పోదు. ఆ ఒకట్ల మీద మన్నుపడ, పక్కనే అన్నం మాడుతున్నా ఆయనకు వాసన తగిలేది కాదు!

ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డారు. జబ్బు తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సమయమది. ఈయన తన సంఖ్య గురించి చెప్పారు.

"దేవుడిలాగే అదీ ఒక్కటేనండీ. ఎవలూ ముక్కలు సెయ్యలేరు. దేవుడే నాకు సూపించేడు."

జనం స్తోత్రం అన్నారు. లెక్క ఇంకా తేలనేలేదు కదా! ఇంటికొచ్చాక నిలదీస్తే, "తేలుతాదిలేవే" అన్నారు.

కొన్నేళ్లకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయిపోయింది. నాకు తప్ప ఎవరికీ ఆ మాట తెలిసేది కాదు. లెక్క ఆగిపోయింది కానీ బెంగ ఆగలేదు. బజార్లో ఇంటర్నెట్ సెంటర్ పెట్టారని విని నన్ను తరిమారు.

"ఎల్లి అడుగు. బేగి రా."

అక్కడి అమ్మాయి సంఖ్య కొట్టిందో లేదో, జవాబు వచ్చేసింది. రెండు సంఖ్యలు. వాటిని గుణిస్తే మావారి ఒకట్లన్నీ వస్తాయట. చిన్నదే ఇరవై లక్షలు దాటింది. ఈయన పలక మీద అంతదూరం ఏనాటికి వెళ్తారు?

కాగితం చూపించాను. ఎడంచేతి వేలితో చివరి అంకెలు తడిమారు.

"ఒకదాని సివర మూడు, ఇంకోదాని సివర ఏడు. ఏడు మూళ్లు ఇరవయ్యొకటి. ఒకటి దిగుతాది. కరెక్టే." కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. "లెక్క తప్పినందుక్కాదే. దేవుడి పేరు సెప్పి అబద్దమాడేసేను."

"ఎవలికి గుర్తుందండీ, ఊరుకోండి" అని బతిమాలాను. వింటేగా! ఆదివారం నా భుజం పట్టుకుని సాక్ష్యానికి లేచారు.

"నేను సెప్పింది అబద్దం. ఆ సంఖ్య ముక్కలైపోయింది. నన్ను సమించండి."

జనానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మంచాన పడ్డ మనిషి లేచి నిలబడ్డాడు, వాళ్లకదే చాలు. "స్తోత్రం! హల్లెలూయా!" అంటూ చప్పట్లు కొట్టారు. ఆయన కాదు కాదని తల అడ్డంగా ఊపుతున్నారు. "అది కాదండీ, ఆయనేటంటన్నారంటే..." అని నేను గొంతు చించుకున్నాను. అప్పటికే పాట ఎత్తుకున్నారు. ఆయన మళ్లీ అదే మాట అన్నారు. మళ్లీ చప్పట్లు.

"ఇంటికి తీసుకుపోవే" అన్నారు. ఆ తరవాత ఎంత పిలిచినా చర్చి గడప తొక్కలేదు.

ఆయన పోయినప్పుడు, పాస్టరుగారు సమాధి దగ్గర ఆ రెండు సాక్ష్యాలూ తలుచుకుని, అందరిచేతా స్తోత్రం చెప్పించారు.