గ్లెనిస్ పరీక్షించిన బుల్లి ట్యాంకు

మా ఫ్లీట్‌వుడ్‌లో వేప్ సామాను, అంటే సిగరెట్‌కి బదులు లిక్విడ్‌ని ఆవిరి చేసి పీల్చే సామాను, అమ్మే డారెన్ కెర్షా, ఆ లిక్విడ్ పోసే ఏ కొత్త ట్యాంకు వచ్చినా ముందు గ్లెనిస్ టాటర్సాల్ చేతికి ఇస్తాడు. ఆవిడ ఊఁ అంటేనే అది అద్దాల బీరువాలోకి ఎక్కుతుంది. గ్లెనిస్‌కి అరవై ఎనిమిదేళ్ళు. వయసులో ఉన్నప్పుడు రేవు దగ్గర షెడ్డులో చేపల వలలు అల్లేది. నలభై ఒక్క సంవత్సరాలు సిగరెట్లు కాల్చి, తొమ్మిదేళ్ళ కిందట ఒక చిన్న ట్యాంకు పుణ్యమా అని మానేసింది. అందుకని ట్యాంకుల విషయంలో ఆవిడకి మొహమాటాలు లేవు. రంగుల పెట్టె మీద కంపెనీవాళ్ళు రాసుకున్న గొప్పలు చదవను కూడా చదవదు. పెట్టె డారెన్‌కే ఇచ్చేసి ట్యాంకు ఒక్కటీ పట్టుకుపోతుంది.

ఆ ఏప్రిల్‌లో వచ్చిన ట్యాంకు బొటనవేలి మొదటి కణుపంత ఉంది. గుప్పుగుప్పున మేఘాలు వదిలే కుర్రకారు సరుకు కాదది. సిగరెట్ లాగే ముందు నోట్లోకి లాగి, తర్వాత గుండెల్లోకి పీల్చుకునే పాత పొగరాయుళ్ళ కోసం చేసింది. లోపల వేడెక్కి ఆవిరి పుట్టించే కాయిల్ పాడైతే కొత్తది కొననక్కర్లేదు. ఎవరికి వారే సన్నతీగ చుట్టుకుని, అందులో దూది దూర్చుకుని మళ్ళీ కట్టుకోవచ్చు.

“ఆంటీ, దీన్ని కాస్త తొందరగా చూసిపెట్టు. విల్ఫ్ అంకుల్ రోజూ వచ్చి అడుగుతున్నాడు,” అన్నాడు డారెన్. అతని తల్లీ గ్లెనిస్సూ ఒకే షెడ్డులో వలలు అల్లినవాళ్ళు. ఆ చనువు కొద్దీ ఆంటీ అంటాడు.

“ఆ మొండిఘటం సంగతి నాకు తెలుసులే. తొందరపడి చూస్తే అది చూడటం ఎలా అవుతుందిరా?” అంది గ్లెనిస్.

విల్ఫ్ లెడ్‌బెటర్ ఆవిడకి నాలుగిళ్ళ అవతల ఉంటాడు. గ్లెనిస్ భర్త రెజ్ బతికున్న రోజుల్లో మగవాళ్ళిద్దరూ ఒకే చేపల ఓడలో ఇంజన్ చూసేవారు. ఇప్పుడు విల్ఫ్‌కి డెబ్బై రెండు. ఎడమకాలికి రక్తం సరిగా అందడం లేదు. పొగ మానకపోతే మోకాలి కింద తీసేయాల్సి రావచ్చని డాక్టరు మొహం మీదే చెప్పాడు. నికోటిన్ పట్టీలు అంటించుకున్నాడు, నికోటిన్ గమ్ము నమిలాడు, రెండు మూడు రకాల వేప్‌లు కొన్నాడు. ఏదీ పదిరోజులు నిలవలేదు. సిగరెట్ లాగినట్టు లేదని ఒకటే సాకు. ఈసారి కూడా కుదరకపోతే ఇక కాలి మీద ఆశ వదులుకుంటానని, ఏదో పాత కోటు వదులుకున్నంత తేలిగ్గా అనేశాడు. ఆ మాటకి గ్లెనిస్‌కి ఒళ్ళు మండింది. భయం కూడా వేసింది, కానీ అది బయటపెట్టలేదు.

వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి పని మొదలుపెట్టింది. సన్నటి కడ్డీ మీద తీగ ఆరుచుట్లు చుట్టి, రెండు కొసల్నీ రెండు మరల కింద బిగించింది. దూది ఎక్కువ కుక్కితే లిక్విడ్ అందక మాడు వాసన వస్తుంది. తక్కువైతే కారి బట్టలు పాడవుతాయి. గ్లెనిస్ దూదిని వేళ్ళతో విడదీసి, కొసలు కత్తిరించి పెడుతుంటే చూసి తీరాలి. ఎన్ని వేల ముళ్ళు వేసిన వేళ్ళో అవి, కళ్ళజోడు లేకుండానే దారి వెతుక్కుంటాయి. మొదటిసారి లాగి కళ్ళు మూసుకుంది. బిగువుగా, గొంతుకి తగిలీ తగలనట్టు, అచ్చం సిగరెట్టే. గాలి రంధ్రాలు తెరిచి మూసే రింగు చాలా గట్టిగా ఉంది. ‘రింగు బిగువు. జేబులో తిరిగిపోదు. మంచిదే,’ అని నోటుపుస్తకంలో రాసుకుంది.

తర్వాత వారం రోజులూ ఆ ట్యాంకు ఆవిడ వెంటే తిరిగింది. తెల్ల చేతిరుమాలులో చుట్టి కార్డిగన్ స్వెట్టర్ జేబులో పడుకోబెట్టింది. రుమాలుకి చుక్క మరక కాలేదు. ట్రామెక్కి బ్లాక్‌పూల్ వెళ్ళి, గాలి ఊళ పెడుతున్న సముద్రపు గట్టు మీద లాగి చూసింది. బింగో ఆట దగ్గర రెండు గంటలు బల్ల మీద పక్కకి పడేసి ఉంచింది. ఎక్కడా కారలేదు, మాడలేదు.

అంతటితో మరొకరైతే బాగుందని చెప్పేసేవారు. గ్లెనిస్ ఎనిమిదోరోజు తోటపని తొడుగులు వేసుకుని బల్ల ముందు కూర్చుంది. విల్ఫ్ చేతులు వణుకుతాయి. ఆయన వేళ్ళతో ఈ మరలు తిప్పగలడా లేదా అన్నది తెలుసుకోవడానికి ఆవిడకి తోచిన ఉపాయం అది. గంటసేపు తంటాలు పడింది. తీగ రెండుసార్లు వంకరపోయింది. ఆవగింజంత మర కింద పడి పొయ్యి అడుగుకి దొర్లింది. దానికోసం నేల మీద పాకుతూ కంపెనీవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టింది.

మర్నాడు కొట్టుకి వెళ్ళేసరికి విల్ఫ్ అక్కడే కుర్చీలో కాలు చాపుకుని ఉన్నాడు.

“ట్యాంకు బంగారం. ఇరవై తెప్పించుకో,” అని డారెన్‌కి చెప్పి, విల్ఫ్ వైపు తిరిగింది. “నీకు మాత్రం పనికిరాదు. దీన్ని కట్టడం నీ చేతుల వల్ల కాదు.”

విల్ఫ్ మొహం వాడిపోయింది. “చెప్పావుగా, సంతోషం. పోనీలే, ఒంటికాలికి ఒకటే బూటు కొంటే సరిపోతుంది,” అన్నాడు.

“ఇంకో జోకు వేశావంటే రెండోది నేనే విరగ్గొడతాను. కట్టడం నీ వల్ల కాదన్నాను, లాగడం కాదనలేదు. ప్రతి బుధవారం మా ఇంటికి రా. నేను కట్టి ఇస్తా. నువ్వు లిక్విడ్ పోసుకుని లాగు, అంతే నీ పని.”

రెండు బుధవారాలు బాగానే గడిచాయి. విల్ఫ్ వచ్చేవాడు, టీ తాగేవాడు. గ్లెనిస్ ట్యాంకు విప్పితే దూది బెల్లంరంగుకి తిరిగి ఉండేది. అంటే లాగుతున్నాడన్నమాట. ఆవిడ పైకి ఏమీ అనకుండా ఇంకో బిస్కెట్టు పెట్టేది.

మూడో బుధవారం విప్పితే దూది ఎలా పెట్టిందో అలాగే, తెల్లగా ఉంది.

“ఎలా ఉంది ఈ వారం?” అని అడిగింది.

“భేషుగ్గా ఉంది,” అన్నాడు విల్ఫ్, టీకప్పులోకి చూస్తూ.

గ్లెనిస్‌కి తిట్టాలనిపించింది. తొమ్మిదేళ్ళ కిందట తానూ రెజ్‌కి ఇలాగే అబద్ధాలు చెప్పి, పెరట్లో చెత్తబుట్ట వెనక నిలబడి కాల్చిన రోజులు గుర్తొచ్చి ఆగిపోయింది.

“విల్ఫ్, దూది అబద్ధం చెప్పదు. మళ్ళీ మొదలెట్టావు కదూ?”

ఆయన జేబులోంచి పొగాకు పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

“కిందటి బుధవారం ఇంటికి వెళ్ళగానే, లిక్విడ్ పోద్దామని ట్యాంకుని గుప్పిట్లో బిగించి పైమూత తిప్పుతుంటే ఆ గాలి రింగు కూడా తిరిగిపోయింది. మొత్తం తెరుచుకుంది. ఎంత లాగినా ఒట్టి గాలే. వెనక్కి తిప్పుదామంటే నా వేళ్ళకి లొంగలేదు. ఒక రింగు తిప్పలేనని నీకెలా చెప్పను, గ్లెన్? ముప్ఫయ్యేళ్ళు ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి.”

గ్లెనిస్ లేచి వెళ్ళి తోట తొడుగులు తెచ్చి వేసుకుంది. రింగు పట్టుకుని తిప్పింది. కదల్లేదు. రెండు చేతులూ వేసి తిప్పింది. కదల్లేదు. తొడుగులు వేసుకున్న ఆరోజు మరలతోనే గంటసేపు కుస్తీ పట్టింది గానీ, రింగుని మాత్రం తన మంచివేళ్ళతో తిప్పి శభాష్ అనుకుంది. సిగ్గుతో ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

“తప్పు నాది. నీది కాదు,” అంది.

తొడుగులు తీసేసి, రింగు ఊడదీసి, దాని కింద బిగిసి ఉన్న సన్నటి రబ్బరుకి లిక్విడ్ రాసి మళ్ళీ ఎక్కించింది. తపాలా కట్టకి వచ్చిన రబ్బరు బ్యాండు తీసి వేళ్ళకి పట్టు దొరికేలా రింగు చుట్టూ నాలుగు మెలికలు వేసింది. ఇంకో రెండు మెలికలు పైమూతకి వేసింది. విల్ఫ్ చేతికిచ్చింది. ఆయన వణికే వేళ్ళతోనే రింగు తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. లాగి, కాసేపు అట్టేపెట్టి, నెమ్మదిగా వదిలాడు. పొగాకు పొట్లం గ్లెనిస్ వైపు జరిపాడు.

ఆ సాయంత్రమే ఆవిడ కొట్టుకి వెళ్ళి, నలుగురు కొనేవాళ్ళ ముందే చెప్పింది. “డారెన్, నేను సరిగా చూడలేదు. చేతులు వణికేవాళ్ళు వస్తే రింగు వదులు చేసి, బ్యాండు చుట్టి ఇవ్వు. లేకపోతే అసలు అమ్మొద్దు.” పొరపాటుని ఇలా నలుగురిలో ఒప్పుకునే పరీక్షకులు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. నేను చూసింది ఈవిడనే.

సోమవారం పొద్దున గ్లెనిస్ ఇంకా దుప్పటి మడత పెడుతుండగానే ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే గుమ్మంలో విల్ఫ్, కర్రకి ఆనుకుని, మండిపడుతూ.

“ఏం కట్టావే తల్లీ, మాడి చస్తోంది. దూది నల్లగా బొగ్గైపోయింది. బుధవారం దాకా ఆగడం నా వల్ల కాదు.”

ఐదురోజుల్లో దూది బొగ్గైందంటే పొగాకు ముట్టకుండా దాన్నే లాగుతున్నాడన్నమాట. తొమ్మిదేళ్ళలో ఒక ట్యాంకు మీద వచ్చిన ఫిర్యాదు విని గ్లెనిస్ ఇంత సంతోషపడింది ఎన్నడూ లేదు. లోపలికి రమ్మని, కెటిల్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళి, ఆయనకి కనబడకుండా కళ్ళు తుడుచుకుంది.